గుడ్డులోని గంధకం, కాలేయం లెక్క



మేక తలకాయ, కాళ్లు మంట మీద కాల్చేటప్పుడు లేచే ఘాటు వాసన మన వాడల్లో అందరికీ తెలిసిందే. వెంట్రుక కాలినా అదే వాసన, గిట్ట కాలినా అదే. కోడిగుడ్డు మురిగితే ముక్కు మూసుకునేలా చేసే వాసనకూ దానికీ చుట్టరికం ఉంది. వీటన్నిటిలో ఉన్నది గంధకం. టపాసుల మందులో కలిపే ఆ పసుపుపచ్చని పదార్థమే రూపం మార్చుకుని మన ఒంట్లోనూ ఉంది. డెబ్బయి కిలోల మనిషిలో సుమారు 140 గ్రాములు ఉంటుంది. అందులో చాలా భాగం రెండు అమైనో ఆమ్లాల్లో ఇమిడి ఉంటుంది. ప్రోటీన్లను కట్టే ఇరవై అమైనో ఆమ్లాల్లో గంధకం ఉన్నవి ఆ రెండే. ఒకటి మిథియోనిన్, రెండోది సిస్టీన్.

ఈ రెండింటినీ శరీరం ఎలా విరగ్గొడుతుంది, ఏ రోజు ఎంత విరగ్గొట్టాలో ఎలా తేల్చుకుంటుంది, ఆ తేల్చుకోవడం ఎక్కడ దెబ్బతింటుంది అన్నదే ఈ రోజు ప్రసంగం. పేర్లు కొన్ని నోరు తిరగనివి. ముఖ్యమైన రెండు మూడింటిని మళ్లీ మళ్లీ చెబుతాను. మిగతావి చెవిన పడి జారిపోయినా విషయం అందుతుంది.

ముందు ఇవి మన కంచంలోకి ఎలా వస్తాయో చూద్దాం. మిథియోనిన్‌ను మన శరీరం సొంతంగా తయారు చేసుకోలేదు, తినాల్సిందే. సిస్టీన్‌ను మాత్రం మిథియోనిన్ నుంచి చేసుకోగలదు. గుడ్డు, పాలు, చేపలు, మాంసంలో రెండూ బాగానే ఉంటాయి. పప్పుల్లో మిథియోనిన్ తక్కువ, లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఎక్కువ. బియ్యం, జొన్నల సంగతి దీనికి తలకిందులు. వాటిలో లైసిన్‌కు కొరత, మిథియోనిన్ ఫరవాలేదు. నువ్వుల్లోనైతే మిథియోనిన్ దండిగా ఉంటుంది. ఇప్పుడు వరంగల్ ఇళ్లలో సర్వపిండి ఎలా చేస్తారో గుర్తు చేసుకోండి. బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు. ఒకదానిలో లేనిది ఇంకొకటి పూడుస్తుంది. సంక్రాంతి సకినాల్లోనూ బియ్యప్పిండిలో నువ్వులు పడాల్సిందే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికల్లో అమైనో ఆమ్లాల అంకెలు కూడా ఉన్నాయి. ఆసక్తి ఉన్న విద్యార్థులు ఆ పట్టికలు ముందు పెట్టుకుని సర్వపిండి లెక్క కట్టి చూడాలని నా కోరిక. రుచి కోసం కలిపినవే అయినా ఆ కూర్పు ఎంత చక్కగా కుదిరిందో అప్పుడు తెలుస్తుంది.

ఎంత కావాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నివేదిక ప్రకారం, పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఈ రెండూ కలిపి కావాలి. అరవై కిలోల మనిషికి 900 మిల్లీగ్రాములు. అంటే గ్రాము కూడా కాదు. ఒక్క గుడ్డులోనే అందులో మూడో వంతు వస్తుంది. బొక్కలు లేని కోడిమాంసం పావుకిలో తింటే దాదాపు రెండు గ్రాములు లోపలికి పోతుంది. దసరా నాడు, పెళ్లిళ్లలో, జాతరల్లో అంతకంటే ఎక్కువే తింటాం. మర్నాడు పచ్చిపులుసూ అన్నంతో సరిపెట్టుకుంటాం.

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. తిన్న కొవ్వు ఎక్కువైతే దాచుకోవడానికి పొట్ట ఉంది, తొడలు ఉన్నాయి. చక్కెర ఎక్కువైతే కాలేయం, కండరాలు గ్లైకోజెన్‌గా కొంత దాచుకుంటాయి. అమైనో ఆమ్లాలకు అటువంటి కొట్టుగది ఏదీ లేదు. ప్రోటీన్ కట్టడానికి పోగా మిగిలింది మిగిలినట్టే విరిగిపోవాలి. సిస్టీన్ ఎక్కువగా పోగుపడితే నరాల కణాలకు హాని. అలాగని ఉన్నదంతా విరగ్గొట్టేస్తే గ్లూటాథయోన్ తయారు కాదు. కణాన్ని రసాయనాల దాడి నుంచి కాపాడేది ఈ గ్లూటాథయోనే. పారాసిటమాల్ గోలీలు మోతాదు మించి ఒంట్లోకి పోయినప్పుడు కాలేయం పాడవడానికి కారణం గ్లూటాథయోన్ నిల్వ అయిపోవడం. ఆసుపత్రిలో దానికి విరుగుడుగా ఎక్కించే ఎన్-అసిటైల్ సిస్టీన్ మరేదో కాదు, సిస్టీన్‌కు ఒక మారురూపం. ఎక్కువైతే విషం, తక్కువైతే రక్షణ పోతుంది. అందుకే విందు నాడూ ఉపవాసం నాడూ కాలేయంలో సిస్టీన్ మట్టం పెద్దగా కదలకుండా ఉండాలి. ఆశ్చర్యమేమిటంటే, నిజంగానే అది పెద్దగా కదలదు.

ఎలాగో తెలియాలంటే మిథియోనిన్ వెంట నడవాలి. దాన్ని విరగ్గొట్టే పని నేరుగా మొదలవదు. ముందు అది ఏటీపీ అనే అణువుతో కలవాలి. కణానికి శక్తినిచ్చేది ఏటీపీ అని బడిలో చదువుకున్నాం. 1929లో హార్వర్డ్ వైద్య కళాశాలలో కండరం నుంచి దాన్ని పట్టుకున్నవాళ్లు సైరస్ ఫిస్క్, మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. మామూలుగా ఏటీపీ ఒక ఫాస్ఫేటును వదులుకుని శక్తినిస్తుంది. ఇక్కడ మాత్రం మూడు ఫాస్ఫేట్లూ ఊడిపోయి, మిగిలిన అడినోసిన్ భాగం మిథియోనిన్‌లోని గంధకానికి అతుక్కుంటుంది. అలా పుట్టిన అణువు పేరు ఎస్-అడినోసిల్ మిథియోనిన్. పొట్టిగా సామ్ అంటారు. ఈ ఒక్క పేరు గుర్తుంచుకోండి, మొత్తం కథ దీని చుట్టూనే తిరుగుతుంది.

సామ్ చేసే పని మిథైల్ అనే చిన్న ముక్కను దానం చేయడం. అడ్రినలిన్ తయారీకి ఆ మిథైల్ కావాలి. డీఎన్ఏ మీద ఏ జన్యువు పలకాలో ఏది మౌనంగా ఉండాలో గుర్తులు పెట్టడానికి కావాలి. అన్నిటికంటే ఎక్కువగా ఖర్చయ్యే చోట్లలో ఒకటి క్రియాటిన్ తయారీ. కండరంలో ఆ క్రియాటిన్ ఫాస్ఫేటుతో జతకట్టి ఉంటుందని 1927లో చూపించింది కూడా ఫిస్క్, సుబ్బారావులే. మిథైల్ ఇచ్చేశాక సామ్‌లో మిగిలేది చివరకు హోమోసిస్టీన్ అవుతుంది. 1932లో అమెరికాలో విన్సెంట్ డు విన్యో బృందం దీన్ని మొదట గుర్తించింది. గంధక సమ్మేళనాల మీద చేసిన కృషికి 1955లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

హోమోసిస్టీన్ ముందు రెండు దారులు ఉంటాయి. ఒకటి వెనక్కి మళ్లడం. ఇంకో మిథైల్ ముక్క తెచ్చుకుని మళ్లీ మిథియోనిన్ అయిపోవడం. దానికి ఫోలిక్ ఆమ్లమూ, బీ12 విటమినూ కావాలి. రెండోది ముందుకు పోయి సిస్టీన్ అయిపోవడం. ఆ దారిలో మొదట ఎదురయ్యే ఎంజైమ్ సిస్టాథయోనిన్ బీటా సింథేజ్. సిబిఎస్ అందాం. దానికి తోడు బీ6 విటమిన్. ఈ దారి పట్టిన హోమోసిస్టీన్ మళ్లీ వెనక్కి రాదు.

ఏ దారి పట్టాలో చెప్పేది ఎవరు? మెదడు కాదు, హార్మోనుల పాత్ర కూడా ఇక్కడ రెండో వరసలోనే ఉంటుంది. సామ్ మట్టమే చెబుతుంది. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల కింద సేద్యం చేసిన వాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. చెరువు నిండకముందు నీటిబొట్టు బయటికి పోదు, ఉన్న నీళ్లు తూము కింద పొలాలకే. కట్టకు సరిపడా నిండిన తర్వాత ఎవరూ వచ్చి తలుపు ఎత్తకుండానే మత్తడి దుంకుతుంది. ఎంత ఎక్కువ వరద వస్తే అంత ఎత్తున దుంకుతుంది. సామ్ తక్కువ ఉన్నప్పుడు హోమోసిస్టీన్ వెనక్కి మళ్లి మిథియోనిన్ అవుతుంది, ఏమీ వృథా కాదు. సామ్ నిండినప్పుడు అది నేరుగా పోయి సిబిఎస్ ఎంజైమ్‌కు అంటుకుని దాని వేగాన్ని పెంచుతుంది. అంతటితో ఆగదు. వెనక్కి మళ్లే దారికి మిథైల్ ముక్కలు సిద్ధం చేసే ఎంజైమ్ ఒకటి ఉంది, ఎంటీహెచ్ఎఫ్ఆర్ అంటారు. సామ్ దాన్ని అణచి ఉంచుతుంది. ఒకే అణువు ఒక దారిని తెరుస్తుంది, ఇంకో దారిని మూస్తుంది.

ఇందులో నాకు ఎంతో ఇష్టమైన ఒక వివరం చెప్పాలి. సామ్‌ను తయారు చేసే ఎంజైమ్ శరీరంలో దాదాపు అన్ని కణాల్లోనూ ఉంది. కానీ కాలేయంలో ఉన్న రకం వేరు, మిగతా చోట్ల ఉన్న రకం వేరు. మిగతా చోట్ల ఉన్న ఎంజైమ్ తన సరుకు పెరిగితే తానే నెమ్మదిస్తుంది. ఎక్కువ ఎంజైమ్‌ల తీరు అదే. కాలేయంలోనిది దానికి ఎదురు నడుస్తుంది. మిథియోనిన్ పెరిగేకొద్దీ వేగం పెంచుకుంటుంది. ఎందుకంటే ఒళ్లంతటికీ మిగులును ఖర్చు చేసే బాధ్యత కాలేయానిది. పేగుల నుంచి వచ్చే రక్తం మొదట కాలేయానికే వస్తుంది. విందు భోజనంలో వచ్చిన మిథియోనిన్ ముందు అక్కడ ఆగాలి, అక్కడ విరగాలి. మెదడుకూ గుండెకూ ఆ పోటు తగలకూడదు. చదువుకునేటప్పుడు ఈ రెండు రకాలను పరీక్ష కోసం విడివిడిగా బట్టీ పడతారు. రెండూ పక్కపక్కన పెట్టి ఎందుకిలా అని అడిగితే, ఒక్క ప్రశ్నతో కాలేయం స్వభావం మొత్తం బయటపడుతుంది.

సరే, మిగులు సిస్టీన్ అయింది. ఇప్పుడు సిస్టీన్‌ను విరగ్గొట్టాలి. ఇక్కడ ప్రధాన పాత్ర సిస్టీన్ డయాక్సిజనేజ్ అనే ఎంజైమ్‌ది. సీడీఓ అందాం. దాని నడుమ ఒక ఇనుము పరమాణువు ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని సిస్టీన్ గంధకానికి తగిలిస్తుంది. ఆ తర్వాత రెండు గమ్యాలు. కొంత టారిన్ అవుతుంది, పిత్తరసంలో కొవ్వును కరిగించడానికి అది పనికొస్తుంది. మిగతాది మాలిబ్డినం ఉన్న మరో ఎంజైమ్ సాయంతో సల్ఫేటుగా మారి మూత్రంలో పోతుంది. తిన్న గుడ్డులోని గంధకం చివరకు చేరేది అక్కడికే.

సీడీఓను శరీరం అదుపు చేసే తీరును అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో మార్తా స్టిపానుక్, ఆమె విద్యార్థులు ఏళ్ల తరబడి ఓపికగా బయటపెట్టారు. ఎలుకలకు ప్రోటీన్ తక్కువ ఉన్న మేత పెట్టినప్పుడు కాలేయంలో సీడీఓ దాదాపు కనిపించదు. ప్రోటీన్ గానీ, ఒట్టి మిథియోనిన్ గానీ పెంచితే అదే ఎంజైమ్ పదుల రెట్లు పెరుగుతుంది. ఇంతగా పెరిగిందంటే జన్యువు మేల్కొని ఎక్కువ సీడీఓ రాయిస్తున్నదని ఎవరైనా అనుకుంటారు. మొదట చూడాల్సింది కూడా అదే. చూస్తే, జన్యువు నుంచి వచ్చే ఎంఆర్ఎన్ఏ దాదాపు మారలేదు. మేత తక్కువైనా ఎక్కువైనా సీడీఓ తయారీ ఒకే తీరున సాగుతున్నది. మారుతున్నది దాని ఆయుష్షు.

సిస్టీన్ తక్కువ ఉన్న కణంలో, అప్పుడే తయారైన సీడీఓకు యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ గొలుసులా తగులుకుంటుంది. ఆ గుర్తు పడిందంటే ప్రోటియాసోమ్ అనే పెద్ద ఎంజైమ్‌ల కూటమి దాన్ని ముక్కలు చేసేస్తుంది. సిస్టీన్ పెరిగితే యుబిక్విటిన్ తగలడం తగ్గిపోతుంది. తయారైన సీడీఓ తయారైనట్టే నిలబడుతుంది, కొన్ని గంటల్లోనే పోగుపడి పని అందుకుంటుంది. సిస్టీన్ తగ్గగానే మళ్లీ నాశనం మొదలు. ప్రయోగశాలలో కాలేయ కణాలకు ప్రోటియాసోమ్‌ను ఆపే మందు కలిపితే, సిస్టీన్ లేకపోయినా సీడీఓ నిలిచే ఉంది. దాంతో అనుమానం తీరిపోయింది. ప్రోటీన్లను ఇలా గుర్తుపెట్టి తొలగించే పద్ధతిని కనుగొన్నందుకు ఆరన్ సీకానోవర్, అవ్రాం హెర్ష్కో, ఇర్విన్ రోజ్‌లకు 2004లో రసాయనశాస్త్ర నోబెల్ ఇచ్చారు.

అవసరం లేని రోజుల్లో కూడా ఒక ప్రోటీన్‌ను తయారు చేయడం, వెంటనే నాశనం చేయడం. ఎంత ఖర్చు! ఒక్కో అమైనో ఆమ్లాన్ని అతకడానికి శక్తి కావాలి, విప్పడానికీ కావాలి. శరీరం ఇంత దుబారా ఎందుకు చేస్తుంది? సమయం కోసం. జన్యువును మేల్కొలిపి, ఎంఆర్ఎన్ఏ రాయించి, కొత్త ప్రోటీన్ కట్టించేసరికి ఆలస్యమవుతుంది. భోజనం చేసిన గంట రెండు గంటల్లో అమైనో ఆమ్లాలు కాలేయం మీద వచ్చి పడతాయి. నాశనాన్ని ఆపడం అంతకంటే త్వరగా జరిగే పని. హానిచేసే పదార్థం విషయంలో శరీరం పొదుపు కంటే వేగాన్ని ఎంచుకుంది. ఇది సరైన బేరమేనని నా అభిప్రాయం.

ఇంకో మెట్టు కూడా ఉంది. పనిచేస్తూ ఉన్నకొద్దీ సీడీఓ లోపల రెండు అమైనో ఆమ్లాలు, ఒక సిస్టీన్, ఒక టైరోసిన్, ఒకదానికొకటి శాశ్వతంగా అతుక్కుంటాయి. ఆ అతుకు పడ్డాక ఎంజైమ్ సామర్థ్యం మరింత పెరుగుతుంది. అంటే సిస్టీన్ ముందు ఎంజైమ్‌ను బతికిస్తుంది, తర్వాత దాని పదును పెంచుతుంది. ఇదే సమయంలో గ్లూటాథయోన్ తయారు చేసే ఎంజైమ్ దీనికి ఎదురు దిశలో కదులుతుంది. సిస్టీన్ కొరత ఉన్నప్పుడు అది బలం పుంజుకుని ఉన్న కాస్త సిస్టీన్‌ను గ్లూటాథయోన్ వైపు లాక్కుంటుంది. సీడీఓ జన్యువును తీసేసిన ఎలుకలను పెంచి చూశారు. వాటి ఒంట్లో టారిన్ పడిపోయింది, ఎదుగుదల కుంటుపడింది, విరగని సిస్టీన్ పక్కదారి పట్టి హైడ్రోజన్ సల్ఫైడ్ పెరిగింది. మురిగిన గుడ్డు వాసన వేసే వాయువు అదే. అతి కొద్దిగా ఉంటే రక్తనాళాలను సడలించే మంచి పని చేస్తుంది. మోతాదు దాటితే కణం ఊపిరినే ఆపుతుంది.

ఇంత జాగ్రత్తగా అమర్చిన ఏర్పాటు దెబ్బతినేది ఎక్కడ? మన ప్రాంతంలో తరచుగా దెబ్బతినేది బీ12 దగ్గర. ఈ భాగాన్ని శ్రద్ధగా వినమని ప్రత్యేకంగా కోరుతున్నాను.

బీ12 లేకపోతే హోమోసిస్టీన్ వెనక్కి మళ్లే దారి మూసుకుపోతుంది. మిథియోనిన్ తగ్గుతుంది, సామ్ తగ్గుతుంది. సామ్ తగ్గింది కాబట్టి సిబిఎస్ కూడా మందగిస్తుంది. హోమోసిస్టీన్‌కు ముందూ లేదు, వెనకా లేదు. ఇంకోవైపు సామ్ అణచి ఉంచాల్సిన ఎంటీహెచ్ఎఫ్ఆర్‌కు అడ్డు లేకుండా పోతుంది. అది ఒంట్లో ఉన్న ఫోలిక్ ఆమ్లాన్నంతా మిథైల్ రూపంలోకి మార్చేస్తుంది. ఆ రూపం నుంచి బయటికి రావాలంటే మళ్లీ బీ12 కావాలి, అదేమో లేదు. ఫోలిక్ ఆమ్లం ఒంట్లో ఉండి కూడా పనికిరాకుండా ఇరుక్కుపోతుంది. గమనించండి, ఇక్కడ ఎంజైమ్‌లన్నీ తమ నియమాలను తప్పకుండా పాటిస్తున్నాయి. సామ్ తక్కువ ఉంది కాబట్టి మిథియోనిన్‌ను కాపాడాలని చూస్తున్నాయి. కాపాడటానికి కావాల్సిన విటమిన్ లేదన్న సంగతి వాటికి తెలిసే మార్గం లేదు.

బీ12 మొక్కల్లో ఉండదు. ఆకుకూరలో లేదు, పప్పులో లేదు, నువ్వుల్లో లేదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం, ముఖ్యంగా కాలేయంలోనే దొరుకుతుంది. పుణేలో చంద్రశేఖర్ యాజ్ఞిక్, నార్వేకు చెందిన హెల్గా రెఫ్సుమ్ కలిసి 204 మంది స్త్రీ పురుషులను పరీక్షించి 2001లో ఫలితాలు ప్రచురించారు. వారిలో నాలుగింట మూడు వంతుల మందికి బీ12 లోపపు ఛాయలు, 77 శాతం మందికి హోమోసిస్టీన్ ఎక్కువ. మాంసాహారం తింటామని చెప్పుకునే ఇళ్లలో కూడా ఆదివారం ఒక్కపూట, అదీ రెండు ముక్కలు, ఇంటి ఆడవాళ్లకు చివరికి మిగిలిన పులుసు అయితే లోపం రాక ఏమవుతుంది? షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో, గ్యాస్ గోలీలు రోజూ మింగేవాళ్లలో పేగు బీ12ను సరిగా పీల్చుకోదు. వాళ్లు డాక్టరును అడిగి పరీక్ష చేయించుకోవాలి.

ఇక ఫోలిక్ ఆమ్లం. 1941లో టెక్సాస్‌లో నాలుగు టన్నుల పాలకూరను పిండి దీన్ని వేరుచేసి, ఆ పేరు పెట్టారు. అంతకు పదేళ్ల ముందే లూసీ విల్స్ బొంబాయిలో మిల్లు కార్మిక స్త్రీలకు గర్భంలో వచ్చే రక్తహీనత మీద పనిచేసి, ఈస్టు సారంతో అది తగ్గుతుందని చూపింది. దాన్ని ప్రయోగశాలలో తయారు చేసి లోకానికి అందించినవాళ్లు లెడర్లీ సంస్థలో యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని శాస్త్రవేత్తలు, 1945లో. ఆయన ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుజబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఆయన్నూ అదే జబ్బు పట్టింది, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికి బట్టకట్టాడు. ఆ స్ప్రూలో పేగు పీల్చుకోలేకపోయే వాటిలో ఫోలిక్ ఆమ్లం ఒకటి. తన ఇంట్లో చావు తెచ్చిన జబ్బుకు మందు తయారుచేసే అదృష్టం ఎంతమందికి దక్కుతుంది? హార్వర్డ్‌లో ఏటీపీ, లెడర్లీలో ఫోలిక్ ఆమ్లం. పదహారేళ్ల ఎడంతో ఆయన చేసిన ఈ రెండు పనులూ మన కాలేయంలో ఒకే వలయంలో కలుస్తాయి. ఒకటి మిథియోనిన్‌ను సామ్ చేస్తుంది, ఇంకొకటి హోమోసిస్టీన్‌ను తిరిగి మిథియోనిన్ చేస్తుంది. బీ12ను శుద్ధంగా వేరుచేసిన 1948లోనే, ఆగస్టులో, ఆయన న్యూయార్క్‌లో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 53.

ఒక హెచ్చరిక. బీ12 లోపం ఉన్న మనిషికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తహీనత మెరుగైనట్టు కనిపిస్తుంది. కానీ నరాల దెబ్బ లోలోపల కొనసాగుతుంది. కాళ్ల తిమ్మిర్లు, నడకలో తూలు, మతిమరుపు ముదిరిపోతాయి. నీరసం అనగానే ఏదో ఒక విటమిన్ గోలీ తెచ్చి మింగడం వద్దు. రెండూ చూడాలి. 2015 జనవరి 1 నుంచి తెలంగాణలో అమలైన ఆరోగ్య లక్ష్మి పథకంలో గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో భోజనంతో పాటు గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు, ఐరన్ ఫోలిక్ ఆమ్లం గోలీ ఇస్తారు. జీవరసాయన శాస్త్రం చదివినవాడిగా నాకు ఆ కంచం ఎంతో నచ్చుతుంది. గుడ్డులో మిథియోనిన్, గుడ్డులోనూ పాలలోనూ బీ12, గోలీలో ఫోలిక్ ఆమ్లం, పప్పులో బీ6. ఇప్పటిదాకా చెప్పుకున్న వలయానికి కావాల్సినవన్నీ అక్కడ ఉన్నాయి. అయితే ఆ గుడ్డును ఇంటికి తెచ్చి పంచకుండా ఆ తల్లి అక్కడే తినాలి.

హన్మకొండలో ల్యాబ్ రిపోర్టు చేత పట్టుకుని, హోమోసిస్టీన్ ఎక్కువుంది, గుండెపోటు వస్తుందా అని భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు. లీటరు రక్తంలో 5 నుంచి 15 మైక్రోమోల్‌ల వరకు మామూలు అంటారు. 1969లో కిల్మర్ మెకల్లీ అనే అమెరికన్ వైద్యుడు, హోమోసిస్టీన్ విపరీతంగా పెరిగిన పిల్లల రక్తనాళాలు ముసలివాళ్ల నాళాల్లా గట్టిపడి ఉండటం చూసి, మామూలు మనుషుల్లోనూ దీనికి పాత్ర ఉందేమో అన్నాడు. తర్వాత బీ విటమిన్లతో పెద్ద ప్రయోగాలు జరిగాయి. 2006లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాల్లో విటమిన్లతో హోమోసిస్టీన్ తగ్గింది గానీ గుండెపోట్లు తగ్గలేదు. పక్షవాతం సంగతి కొంత వేరు. చైనాలో బీపీ ఉన్న ఇరవై వేల పైచిలుకు మందికి బీపీ గోలీతో పాటు ఫోలిక్ ఆమ్లం ఇచ్చి చూస్తే, మొదటిసారి పక్షవాతం వచ్చినవాళ్లు 3.4 శాతం నుంచి 2.7 శాతానికి తగ్గారు. అది 2015 నాటి ఫలితం. కాబట్టి ఆ అంకెను గుండెకు జాతకంగా చదవకండి. నా దృష్టిలో అది చెప్పే మొదటి సంగతి బీ12, ఫోలిక్ ఆమ్లం గురించి. లోపం ఉంటే సరిచేసుకోవాలి. బీపీ, షుగర్, పొగతాగడం సంగతి విడిగా చూసుకోవాలి. హోమోసిస్టీన్ మిథియోనిన్ నుంచి వస్తుందని విని గుడ్డు మానేయడం మాత్రం తప్పు. గుడ్డు మానేస్తే ఉన్న కాస్త బీ12 కూడా పోతుంది.

గుడ్డు, మాంసం నిజంగా తగ్గించాల్సినవాళ్లు కొద్దిమంది ఉన్నారు. సిబిఎస్ ఎంజైమ్ పుట్టుకతోనే దెబ్బతిన్న పిల్లలు. ఈ జబ్బు పేరు హోమోసిస్టిన్యూరియా. 1962లో ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో మొదటిసారి వర్ణించారు. సిబిఎస్ జన్యువు 21వ క్రోమోజోమ్ మీద ఉంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడితేనే జబ్బు వస్తుంది. మేనరికం పెళ్లిళ్లలో ఒకే తాత ముత్తాతల నుంచి వచ్చిన చెడ్డ ప్రతి రెండువైపుల నుంచీ కలిసే అవకాశం ఎక్కువ. అందుకే మన ప్రాంతంలో ఇటువంటి జబ్బులను ఎక్కడో దూరదేశపు వింతలుగా తీసిపారేయకూడదు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, హైదరాబాద్‌లోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది శిశువుల రక్తపు చుక్కలను పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. జీవక్రియలో పుట్టుకతో వచ్చే లోపాలు అనుకున్నదానికంటే ఎక్కువే కనిపించాయి. హోమోసిస్టీన్ ఎక్కువ ఉండటం వాటిలో ఒకటి. శిశువులో అది ఎక్కువ కనిపిస్తే జన్యువునే అనుమానించనక్కర లేదు. తల్లికి బీ12 లోపం ఉన్నా బిడ్డలో అలాగే కనిపిస్తుంది. అందుకే బిడ్డకు పరీక్ష చేసినప్పుడు తల్లికీ చేయాలి.

ఈ జబ్బున్న బిడ్డ పుట్టినప్పుడు మామూలుగానే ఉంటుంది. నడక, మాట ఆలస్యమవుతాయి. పొడుగ్గా, సన్నగా, కాళ్లూ చేతులూ సాగినట్టు పెరుగుతుంది. రక్తం నాళాల్లోనే గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. చాలామందిలో మొదట బయటపడేది కంటి దగ్గర. కంటిలోని కటకం తన చోటు నుంచి కిందికి జారిపోతుంది, చూపు ఉన్నట్టుండి మసకబారుతుంది. వరంగల్‌లో ప్రాంతీయ నేత్ర వైద్యశాల ఉంది, ఎంజీఎం ఆసుపత్రి ఉంది. దెబ్బ తగలకుండా కటకం జారిన పిల్లవాణ్ణి చూసినప్పుడు ఆపరేషన్‌కు ముందే హోమోసిస్టీన్ పరీక్ష రాయాలి. మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసేటప్పుడు రక్తం గడ్డకట్టే భయం ఈ పిల్లల్లో ఎక్కువ. జబ్బు ముందే తెలిస్తే వైద్యులు దానికి తగ్గట్టు జాగ్రత్త పడతారు.

ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి బీ6 విటమిన్ పెద్ద మోతాదులో ఇస్తే హోమోసిస్టీన్ దిగివస్తుంది. వాళ్లలో ఎంజైమ్ పూర్తిగా చచ్చిపోలేదు, బీ6 తోడు బలంగా ఉంటే కొంత పనిచేస్తుంది. మోతాదు మాత్రం వైద్యుడే చెప్పాలి, బీ6 అతిగా పోయినా నరాలకు చేటే. బీ6కు లొంగని పిల్లలకు మిథియోనిన్ తక్కువ ఉన్న ఆహారం, విడిగా సిస్టీన్ ఇవ్వాలి. మనందరికీ మిథియోనిన్ నుంచి తయారయ్యే సిస్టీన్ వాళ్లకు తయారు కాదు మరి. బీటైన్ అనే మందు కూడా ఇస్తారు. హోమోసిస్టీన్‌ను మిథియోనిన్‌గా మార్చే ఇంకో దారి కాలేయంలో ఉంది, దానికి ఫోలిక్ ఆమ్లం, బీ12 అక్కర లేదు, బీటైన్ చాలు. ఇంట్లో ఒక బిడ్డకు ఈ జబ్బు తేలితే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా రక్తపరీక్ష చేయించండి. తర్వాతి కాన్పులో పుట్టే బిడ్డకు మొదటి వారంలోనే చేయించండి. ఎంత తొందరగా మొదలుపెడితే ఆ బిడ్డ చదువూ చూపూ అంత బాగా దక్కుతాయి.